రాక్షసుడికి కట్టుడు పళ్ళు

"ఆ రాక్షసుడి సంగతి ఇవాళైనా తేలుస్తారా, లేదా?"

"వాడింకా కొండే దిగలేదు. అప్పుడే ఏం తేల్చమంటావు?"

"నెల రోజుల్నుంచీ దిగుతూనే ఉన్నాడు! పాక్కుంటూ వచ్చినా ఈపాటికి ఊళ్ళో పడేవాడు. అక్కడ టైలరు గారి అమ్మ పళ్ళు లేక మూడు వారాలుగా జావ తాగి బతుకుతోంది. ఆవిడ ఉసురు తగుల్తుంది మీకు."

"ఆవిడ సెట్టు రేపిచ్చేస్తాను."

"రేపట! మీ రేపుకి పళ్ళొచ్చి, ఊడిపోయి, మళ్ళీ కట్టించుకునే వయసు కూడా వచ్చేసింది."

గోడకి ఇవతల నేను పళ్ళు తోముకుంటున్నాను. గోడ అంటే పేరుకే గోడ, అడ్డంగా కొట్టిన చెక్క. నేనా గదిలో దిగి అప్పటికి ఐదు రోజులు. మొగుడూ పెళ్ళాల గొడవలు చాలా విన్నాను కానీ, రాక్షసుడి గురించి తగువుపడేవాళ్ళని వినడం అదే మొదలు. ఎవరో చుట్టానికి పెట్టుకున్న మారుపేరు అనుకున్నాను. ఇల్లుగలాయన కూడా కావచ్చు, ఆయనకి ఆ పేరు నప్పుతుంది.

సాయంత్రం ఇస్త్రీ పెట్టె అడిగే వంకతో వెళ్ళి చూశాను. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం. దుకాణం నిండా అరలు, అరల నిండా ప్లాస్టరు దవడలు నోళ్ళు తెరుచుకుని వరసగా ఉన్నాయి. ఒక్కో దవడకీ దారంతో కట్టిన చీటీ. బల్ల మీద స్పిరిట్ దీపం, గులాబీ రంగు మైనం ముద్ద, అరగదీసే మిషను. దాని వెనక యాభైకి దగ్గరపడ్డ మనిషి, బొటనవేలి గోరుకి కూడా మైనం రంగే. కట్టుడు పళ్ళు చేయడం ఆయన వృత్తి. వీధంతా పళ్ళ మామయ్య అంటారు, ఆయన భార్యని అత్తయ్య అంటారు. నేనూ అలాగే పిలిచాను.

ఆయన నా మొహం చూడలేదు. మూతి చూశాడు.

"కింద కుడివైపు దవడ పన్ను సలుపుతోందా?"

సలుపుతోంది. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఏం చేస్తుంటావని అత్తయ్య అడిగితే, కాలేజీ మధ్యలో మానేశాననీ ఇప్పటికి మూడు ఉద్యోగాలు కూడా మానేశాననీ చెప్పాను. మామయ్య "ఊఁ" అన్నాడంతే. దవడ పన్ను విషయంలో మాత్రం కాస్త బాధపడ్డాడు.

ఆయన మనుషుల్ని నోళ్ళని బట్టే గుర్తుపెట్టుకుంటాడు. "ఆ పైన ముందుపళ్ళ మధ్య సందున్నాయన లేడూ?" అంటాడు. అత్తయ్య "పోస్టుమాన్" అని తర్జుమా చేస్తుంది. పద్నాలుగో ఏట వాళ్ళ నాన్న ఆయన్ని ఒక పళ్ళ మేస్త్రి దగ్గర పెట్టాడు. ఆ మేస్త్రి పని నేర్పలేదు. "అడిగితే వచ్చేది పని కాదు. కళ్ళతో దొంగిలించు" అన్నాడట. మూడేళ్ళు దొంగిలించాడు. ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళుగా సొంత దుకాణం. చూసి నేర్చుకుంటే రానిది లేదని ఆయన నమ్మకం. ఈ నమ్మకం దగ్గరే కథ అడ్డం తిరిగింది, అది తర్వాత చెబుతాను.

పళ్ళ సెట్టుని గట్టిగా తయారు చేసేముందు మైనంలో నిలబెట్టి, మనిషి నోట్లో పెట్టి చూస్తారు. అందరూ చేసేదే. మామయ్య ఇంకో అడుగు వేస్తాడు. కుర్చీలో కూర్చోబెట్టి, ఆ మనిషి రోజూ మాట్లాడే మాటే మాట్లాడించి, కళ్ళు మూసుకుని వింటాడు. టీచరైతే పాఠం చెప్పాలి. బస్సు కండక్టరైతే స్టాపుల పేర్లు వరసగా చదవాలి. ఎక్కడ ఈల పడితే అక్కడి పన్ను వెంట్రుకవాసి జరుపుతాడు. అలా జరిపిన సెట్టు ఒక్కటీ రెండోసారి తిరిగిరాలేదని ఆయనకి గర్వం.

ఒక్కటి మాత్రం మూడుసార్లు తిరిగొచ్చింది.

అది కథల పెద్దాయనది. పెద్దాయనది జపాను. డెబ్బై ఎనిమిదేళ్ళుంటాయి. వయసులో ఉండగా ఓడల మీద పని చేస్తూ వచ్చి ఇక్కడే ఆగిపోయాడు. మన మాటలు మనకంటే నెమ్మదిగా, మనకంటే తప్పుల్లేకుండా మాట్లాడతాడు. శనివారం శనివారం పిల్లల లైబ్రరీలో బల్ల మీద ఒక చెక్క చట్రం పెట్టి, అందులో బొమ్మల అట్టలు దొంతరగా దూర్చి, ఒక్కొక్కటే పక్కకి లాగుతూ జపనీస్‌లో కథ చెప్పేవాడు. అన్నీ వీరులూ రాక్షసులూ ఉండే పాత కథలు. వినడానికి జపాను కుటుంబాల పిల్లలొచ్చేవారు, భాష రాని పిల్లలు కూడా ఓ పదిమంది వచ్చేవారు. మన భాషలో చెప్పకూడదా అంటే, "మాట మారిస్తే రాక్షసులు మెత్తబడిపోతారండీ" అనేవాడట.

పళ్ళన్నీ పోయాక మామయ్య దగ్గరికొచ్చాడు. మొదటి సెట్టు ఈల వేసింది. రెండోది నాలుకని పట్టుకుంది. మూడోది పెట్టుకుని రెండు శనివారాలు కథ చెప్పి, మూడో శనివారం సెట్టుని రుమాల్లో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మాటలకి చాలా బాగున్నాయండీ. కథకే సరిపోవడం లేదు."

"ఏమవుతోంది?"

"కథ ఆగిపోతోంది."

అంతకంటే చెప్పలేదు. వంగి దణ్ణం పెట్టి, ఇంకో ముక్క చెప్పాడు. బడులు తెరిచాక వచ్చే మొదటి శనివారం దాకా లైబ్రరీ ఆయన గంటని ఖాళీగా ఉంచుతుంది. అప్పటికి కథ రాకపోతే ఆ గంట కాగితం బొమ్మలు నేర్పే ఆవిడకి ఇచ్చేస్తారు, చట్రం స్టోరు గదిలో పెట్టేస్తారు. పెద్దాయన ఫిర్యాదులా చెప్పలేదు, రేపు వాన పడొచ్చు అన్నట్టు చెప్పాడు. ఆ చట్రం లేకపోతే ఆయనకి శనివారమూ లేదు, మిగతా ఆరు రోజులూ లేవు. ఈ మాట అత్తయ్య నాతో అంది.

"పోనీ ఇంకెక్కడైనా చేయించుకోమనండి. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం" అని కూడా ఆవిడే అంది. మామయ్య ఆ పూట భోజనం సగంలో లేచిపోయాడు.

రెండు రోజులు ఆలోచించి ఆయన తేల్చిందేమిటంటే, తప్పు తన చేతిలో లేదు, చెవిలో ఉంది. ఆ భాషలో నాలుక ఎక్కడ తగులుతుందో, గాలి ఎక్కడ పోతుందో తనకి తెలియదు. తెలియని పాటకి తాళం వేసినట్టు పళ్ళు అమర్చాడు. కాబట్టి జపనీస్ నేర్చుకోవాలి, అదీ ఆ కథల్లోంచే. పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "బొమ్మలు బాగున్నాయండీ, కొన్నాళ్ళు చూసుకుని ఇస్తాను" అని ఒక కథ అట్టలు తెచ్చుకున్నాడు. నేర్చుకుంటానని చెప్పలేదు. పళ్ళు కట్టించుకోడానికి వచ్చినాయన్ని పట్టుకుని పని నేర్పమని అడుగుతాడా?

అట్టలు పన్నెండు. పెద్దాయన తండ్రి చేత్తో వేసిన బొమ్మలు. ముందు బొమ్మ, వెనక వైపు చేతిరాతతో కథ. అంకెలు లేవు, అంచులు చివికిపోయి ఉన్నాయి.

జపాను అక్షరాల పట్టిక ఒకటి సంపాదించి అద్దం పక్కన అంటించాడు. తన నోటికి కాగితమంత పల్చని అంగిలి పలక ఒకటి చేసుకున్నాడు. దాని మీద పౌడరు చల్లి, నోట్లో పెట్టుకుని, "షి" అని, తీసి దీపం దగ్గర పట్టి చూసేవాడు. నాలుక తగిలినచోట పౌడరు తుడుచుకుపోయి ఉండేది. దాన్ని కాగితం మీద గీసుకునేవాడు. ఆ తర్వాత "చి", ఆ తర్వాత "సు". ఓ పెద్దమనిషి రోజూ పొద్దున్నే అద్దం ముందు నోట్లో పౌడరు వేసుకుని షి షి అంటుంటే ఏ పెళ్ళానికి మాత్రం ఒళ్ళు మండదు? నేను విన్న తగువు ఆ రోజులదే, అందులోని రాక్షసుడు ఈ అట్టల మీది వాడు. టైలరు గారి అమ్మకి మాత్రం మర్నాడే సెట్టు ఇచ్చేశాడు. ఉసురు మాట పనిచేసింది.

మొదట శబ్దాల కోసమే మొదలుపెట్టాడు. తర్వాత కథ పట్టుకుంది. భాష కొత్తగా నేర్చుకునేవాడెవడైనా బస్సెన్నింటికి, మంచినీళ్ళెక్కడ అని నేర్చుకుంటాడు. మామయ్యకి మంచినీళ్ళు అడగడం రాదు. ఉప్పు మూట, ఇనప గద, మూడు పగళ్ళు మూడు రాత్రులు, నది ఎండిపోయింది, ప్రాణాలు తీస్తాను. ఇవి గుక్క తిప్పుకోకుండా వచ్చేవి. ఆ దేశంలో దిగితే ఆకలికి చచ్చిపోయేవాడేమో గానీ, కొండల్లో దారి తప్పితే రాక్షసులతో బేరం ఆడుకోగలడు.

అర్థాలు బొమ్మని చూసి పట్టుకునేవాడు. ఫోనులో చూసి పెడతానని నేనన్నాను.

"బొమ్మ ముందుంది, మాట వెనకుంది. మధ్యలో ఫోనెందుకురా?" అన్నాడు.

ఆ లెక్కన మొదటి అట్ట మీద కొండ కింద ఊరి బొమ్మ ఉంది, వెనకాల "ఒబాసాన్" అని మూడుసార్లుంది. అయితే అది ఊరి పేరు. రెండో అట్ట మీద ఏటి గట్టున బట్టలుతికే ముసలావిడ, వెనకాల "ఒని" అని నాలుగుసార్లు. అయితే ఒని అంటే పెద్దావిడ, ఇంటి ఇల్లాలు. ఆ పూట నుంచి అత్తయ్యని ఒని అని పిలవడం మొదలుపెట్టాడు. "ఒనీ, ఆ చిన్న ఆకురాయి ఇలా ఇయ్యి." ఆవిడ పైకి విసుక్కుంది గానీ, ఓసారి నాతో అంది, "వినడానికి బాగానే ఉందిరా. ఇరవై ఏడేళ్ళుగా ఏమోయ్ తప్ప ఇంకో పిలుపు ఎరగను."

ఒక్క చోట మాత్రం ఆయనే ఆగాడు. "ముకషి ముకషి" అంటే మన అనగనగా అని పెద్దాయన ఎప్పుడో చెప్పాడట. ఆ మాట మొదటి అట్ట వెనక లేదు. చిట్టచివరి అట్ట వెనక ఉంది.

"కథ అయిపోయాక అనగనగా ఏమిటి మామయ్యా?" అన్నాను.

అట్ట తిప్పి చూశాడు. "వాళ్ళు చివర చెప్పుకుంటారు కాబోలు. ఎవరి పద్ధతి వాళ్ళది."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

నాలుగు నెలలకి పన్నెండు అట్టలూ వచ్చేశాయి. గీసుకున్న కాగితాలన్నీ ముందు పెట్టుకుని నాలుగో సెట్టు తయారుచేశాడు. బడులు తెరవడానికి ఇంకా వారం ఉందనగా పెద్దాయన్ని పిలిచాడు. ఇస్త్రీ పెట్టె తిరిగివ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. సెట్టు నోట్లో కూర్చుంది. పెద్దాయన అరచెయ్యి మూతికి అడ్డం పెట్టుకుని నాలుగు మాటలు జపనీస్‌లో మెల్లిగా అన్నాడు. ఈల లేదు, అడ్డు లేదు. మూడోదీ ఇంతేగా అని నాకనిపించింది. మామయ్యకీ అనిపించినట్టుంది.

"కూర్చోండి. ఈసారి కథ నేను చెబుతాను" అన్నాడు.

పెద్దాయనకి అర్థం కాలేదు. మామయ్య అట్టల దొంతర గుండెలకి ఆనించి పట్టుకుని, మొదటి అట్ట బొమ్మ పెద్దాయన వైపు తిప్పి, వెనకాల రాసింది చదివాడు. ఊరి బొమ్మ. పెద్దాయన కనుబొమలు లేచాయి. ఎప్పుడు నేర్చుకున్నాడీయన అన్న ఆశ్చర్యం. తర్వాత తల కాస్త పక్కకి వంచాడు. మర్యాదస్తుడు, ఆపలేదు.

రెండో అట్ట. ఏటి గట్టున ముసలావిడ నవ్వు మొహంతో బట్టలుతుకుతోంది. ఇక్కడ మామయ్య గొంతు తియ్యగా పెట్టి, అత్తయ్య వైపు ఓ చూపు చూసి మరీ చదివాడు. చదివిందేమిటో పెద్దాయన తర్వాత చెబితే తెలిసింది: "అప్పుడు కొండ మీంచి నిప్పులాంటి మొహంతో, గునపాల్లాంటి కోరలతో ఘోరమైన రాక్షసుడు దిగి వచ్చాడు. వాడి కంపుకి పిట్టలు రాలిపోయాయి."

పెద్దాయన భుజాలు కదిలాయి.

మూడో అట్ట. ఎర్ర మొహం, కోరలు, ఇనప గద, రాక్షసుడంటే రాక్షసుడే. మామయ్య గుండెల నిండా గాలి పీల్చి భీకరంగా మొదలుపెట్టాడు: "పాలుగారే బుగ్గల చిన్నారి కుర్రాడు ఉప్పమ్మా ఉప్పు అని పాడుకుంటూ వచ్చాడు..."

పెద్దాయన నవ్వాడు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి, నోరు బార్లా తెరిచి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. పై సెట్టు ఊడి ఒళ్ళో పడింది.

పెద్దాయన చెయ్యి మూతి మీదికి వెళ్ళిపోయింది.

"లైబ్రరీలో కూడా ఇంతేనా?" అన్నాడు మామయ్య.

పెద్దాయన తలూపాడు. "రాక్షసుడు అరిచేచోట. పిల్లలు భయపడాలి అక్కడ. నవ్వారు."

"ఆ ముక్క ముందే చెప్పచ్చు కదండీ!"

"అంత కష్టపడి చేశారు. ఊడిపోయాయని ఎలా చెప్పను?"

మామయ్య అట్టలు పక్కన పెట్టాడు. ఊడిన సెట్టు కడిగి, మళ్ళీ పెద్దాయన నోట్లో పెట్టి, రెండు వేళ్ళు బుగ్గ లోపలికి పోనిచ్చాడు.

"మళ్ళీ నవ్వండి."

"నవ్వమంటే రాదండీ."

"అయితే అరవండి. మీ రాక్షసుడు ఎలా అరుస్తాడో అలా. ఇది దుకాణం అనుకోకండి."

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. ఆ అరుపు ఆ బక్క మనిషిలో ఎక్కడుందో నాకు తెలియదు. అరల మీది ప్లాస్టరు దవడలు గలగలమన్నాయి. సెట్టు మళ్ళీ ఊడింది. కానీ మామయ్య వేలికి దొరికింది. పై పలక చివరి అంచు, బుగ్గకి తగిలేచోట. మామూలుగా మాట్లాడితే ఇబ్బంది లేదు, తింటే లేదు. నోరు పూర్తిగా తెరిస్తేనే కింది దవడ ఎముక ముందుకొచ్చి ఆ అంచుని తోసేస్తోంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన మాట్లాడేవాళ్ళ నోళ్ళు చూశాడు. అరిచేవాడి నోరు చూడలేదు.

బియ్యపు గింజంత అరగదీశాడు. "అరవండి." ఇంకొంచెం. "అరవండి." మూడో అరుపుకి ఎదురు మంగలి షాపాయన కత్తెర పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరికండీ పన్ను పీకుతున్నారు?"

"పీకడం కాదు, రాక్షసుడికి పళ్ళు పెడుతున్నాం" అంది అత్తయ్య.

నాలుగో అరుపుకి సెట్టు కదల్లేదు. ఐదోసారి ఎవరూ అడక్కుండానే పెద్దాయన అరిచాడు.

ఆ తర్వాత ఆయన అట్టలు చేతిలోకి తీసుకుని చూపించాడు. చెప్పేవాడు దొంతర వెనక నిలబడతాడు. మొదటి బొమ్మ అయిపోగానే లాగి అన్నిటికంటే వెనక పెడతాడు. అప్పుడు పిల్లలకి కనిపించేది రెండో బొమ్మ, చెప్పేవాడికి కనిపించేది మొదటి అట్ట వీపు. అందుకని మొదటి అట్ట వీపు మీద రెండో బొమ్మ కథ రాస్తారు, రెండో దాని మీద మూడో బొమ్మది. మొదటి బొమ్మ కథ చిట్టచివరి అట్ట వీపు మీద ఉంటుంది. అనగనగా ఉన్నది అందుకే అక్కడ.

మామయ్య అట్టల్ని వరసగా తిప్పి చూసుకున్నాడు. నాలుగు నెలల చదువు ఒక్కో బొమ్మ పక్కకి జరిగిపోయింది. మొహంలో పెద్ద మార్పేం లేదు. "ఒబాసాన్ ఊరు కాదన్నమాట" అన్నాడు.

"బామ్మ అండీ" అన్నాడు పెద్దాయన.

అత్తయ్యకి అనుమానం వచ్చింది. "మరి ఒని అంటే?"

పెద్దాయన ఇబ్బందిగా నావైపు చూశాడు. "రాక్షసుడమ్మా."

"నాలుగు నెలలు! వీధిలో అందరి ముందూ!" అంటూ ఆవిడ ఆకురాయి అందుకుంది. "ఆ అంచు కోసం ఓ భాషంతా నేర్చుకోవాలా? అదీ తిరగేసి? ఈయన్ని ఓ కేక వేయమంటే పోయేదానికి! కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదే."

"ఎలుక దొరికిందా, లేదా?" అన్నాడు మామయ్య.

శనివారం నాకు వేరే పని లేక లైబ్రరీకి వెళ్ళాను. మామయ్య రాలేదు. వస్తే పళ్ళు తప్ప కథ చూడడని ఆయనకే తెలుసు. ఇరవై మంది పిల్లలు నేల మీద కూర్చున్నారు. కొందరు నవ్వడానికి సిద్ధపడే వచ్చారు, వాళ్ళ మొహాల్లోనే తెలుస్తోంది. ఉప్పమ్మే కుర్రాడు రాక్షసుడి చేత మూటెడు ఉప్పూ తినిపించాడు, రాక్షసుడు దాహానికి పొట్ట పగిలేలా ఏరంతా తాగి కదల్లేక పడ్డాడు. ఏడో బొమ్మ దగ్గర పెద్దాయన అరిచాడు. ముందు వరస మొత్తం కూర్చున్న చోటినుంచి అడుగు వెనక్కి జరిగింది. ఓ పిల్ల పక్కవాడి చొక్కా పట్టుకుని, కథ అయ్యేదాకా వదల్లేదు. చెక్క చట్రం పక్కన కాగితం బొమ్మలావిడ కూడా నిలబడి ఉంది, ఆవిడా ఉలిక్కిపడింది.

తిరిగొచ్చేసరికి మామయ్య ఎవరిదో కింది దవడ అచ్చు పోస్తున్నాడు. తల ఎత్తలేదు.

"నిలిచాయి" అన్నాను.

"అరుపు?"

"ముందు వరస వెనక్కి జరిగింది."

"ఊఁ" అన్నాడు. ప్లాస్టరు గట్టిపడే వరకు అచ్చు పట్టుకునే కూర్చున్నాడు. తర్వాత చెయ్యి కడుక్కుని, బల్ల కింది నుంచి గుడ్డలో చుట్టిన కొత్త కట్ట ఒకటి తీశాడు. పెద్దాయన పంపించాడట. ఇందులో రెండు తలల పాము, దాని మీదికి వెళ్ళే పడవవాడు. పదహారు అట్టలు.

"ఇంకెందుకు మామయ్యా? పళ్ళు సరిపోయాయిగా."

"అది పని. పని అయిపోయింది." కట్ట విప్పి అట్టల అంచులు సర్దాడు. "ఈసారి సరిగ్గా వెనక నిలబడి నేర్చుకోవాలి. వెనక నిలబడితే ముందు ఏ బొమ్మ ఉందో నాకు కనపడదు. మీ అత్తయ్య కూర్చోనంది, ఒని అన్నందుకు ఇంకా పళ్ళు నూరుతోంది. రోజూ సాయంత్రం అరగంట నువ్వొచ్చి ముందు కూర్చో. నేను చదువుతాను, ఏ బొమ్మ కనిపిస్తోందో నువ్వు చెప్పు. పదహారు బొమ్మలురా అబ్బాయ్. మధ్యలో లేచి వెళ్ళిపోకు."